చిత్రనిర్మాత్రి ఐడా లుపీనో

సంస్కృత నాటకముల ప్రస్తావనలను చదివినవారికి సూత్రధారుడును నటియును సుపరిచితులు. శాకుంతలమునందు సూత్రధారుడు నటిని పిలిచి గ్రీష్మర్తువును గూర్చి పాడుమనును. ఆమె పాడును, సభ పరవశించును, పిమ్మట ఆమె తెరవెనుకకు పోవును. ఏ కథ ఆడవలెను, ఎవరి దుఃఖము సభవారికి చూపవలెను అను నిర్ణయములతో ఆమెకు పని లేదు. సూత్రము సూత్రధారుని చేతిలోనిది. గాత్రము మాత్రమే నటిది. మన నాటకములలోనే కాదు, యంత్రయుగమున పుట్టిన చలనచిత్రమునందును చాలకాలము ఈ యేర్పాటే సాగినది. నటి ఆ సూత్రమును తన చేతిలోనికి తీసికొన్న యెడల ఏమి చూపును? మనము ఇదివఱకు చూడనిది ఏదైన చూపునా? ఈ ప్రశ్నకు ఇంగ్లండున పుట్టి అమెరికాలో పనిచేసిన ఐడా లుపీనో జీవితము చక్కని సమాధానమని మా యభిప్రాయము.

ఈమె 1918 వ సంవత్సరము ఫిబ్రవరి 4 వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి స్టాన్లీ లుపీనో ప్రసిద్ధ హాస్యనటుడు. తల్లి కానీ ఎమరాల్డు అను పేర రంగస్థలమున పేరొందిన నటి. తమ పూర్వులు ఇటలీ దేశమునుండి వచ్చిన బొమ్మలాటవారని ఆ కుటుంబమువారు చెప్పుకొనుచుండిరి. తలచి చూడగా సూత్రము పట్టుట ఆ యింటివారికి కులవిద్య యన్నమాట! ఐనను ఇంటి యాడుబిడ్డకు లభించినది నటన మాత్రమే. పసితనముననే నాటకములు నేర్చి, లండనులోని రాజకీయ నాటక కళాశాలయందు శిక్షణము పొంది, 1932 లో ఆమె తొలి ముఖ్యపాత్రను ధరించెను. ఆ పాత్రకై పరీక్షింపబడుటకు పోయినది తల్లి; ఎన్నికయైనది వెంట పోయిన కుమార్తె. తల్లి వయస్సు ఆ పాత్రకు మించినదని వారు తలచిరట. వయస్సు మీఱిన నటికి ఏమి జరుగునో ఆ బాలిక తన మొదటి మెట్టుననే చూచినది.

1933 లో ఆమె తల్లితో హాలీవుడు చేరెను. 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' కథలోని బాలిక పాత్రకై ఆమెను రప్పించిరి. వచ్చిన పిదప ఆ పాత్రను ఇయ్యలేదు. జుట్టునకు తెల్లని పసిమి వేయించి అలంకారప్రాయములైన వేషములు వేయించిరి. 1934 లో ఆమెకు పోలియో వ్యాధి సోకెను. కోలుకొన్నది గాని, దేహమును నమ్ముకొని బ్రదుకు నటికి ఆ దేహమే యొక రాత్రిలో పరాధీనము కావచ్చునను జ్ఞానము ఆమెను విడువలేదు. ఆరేండ్లు ఇట్లు గడచెను. 1939 లో కిప్లింగు నవలనుబట్టి 'ది లైట్ దట్ ఫెయిల్డ్' అను చిత్రము తీయుచుండగా, దర్శకుడైన విలియం వెల్మను కార్యాలయములోనికి ఆమె తనంతట దూసికొనిపోయి, ఆ పాత్ర తానే వేయగలనని అక్కడికక్కడ నటించి చూపెనట. పాత్ర లభించెను. అప్పటినుండి వార్నర్ సోదరుల సంస్థలో 'దే డ్రైవ్ బై నైట్', 'హై సియెర్రా' మున్నగు చిత్రములలో ఆమె పేరు మాఱుమ్రోగెను. 'హై సియెర్రా' చిత్రమునందు హంఫ్రీ బోగార్టు పేరునకు పైన ఆమె పేరే వేసిరి. 'ది హార్డ్ వే' లోని నటనకు 1943 వ సంవత్సరమున న్యూయార్కు విమర్శకుల బహుమానము వచ్చెను.

ఇంతటి కీర్తి వచ్చిన పిదప పలువురు తృప్తి చెందియుందురు. కాని ఆనాటి స్టూడియోల యేర్పాటు విచిత్రమైనది. నటీనటులు సంవత్సరముల కొలది ఒడంబడికకు కట్టుబడినవారు. ఇచ్చిన పాత్రను వలదన్న యెడల జీతము లేకుండ కొంతకాలము పని మాన్పింతురు. మఱియొకచోట పని చేయుటకు వీలులేదు. బెట్టీ డేవిసు వలదన్న పాత్రలు తనకు వచ్చుచున్నవని ఆమె తన్ను తానే పరిహసించుకొనుచుండెను. నచ్చని పాత్రలను తిరస్కరించి పలుమాఱులు ఈ శిక్షను అనుభవించెను. ఆ ఖాళీ దినములలో ఆమె ఇంట కూర్చుండలేదు. దర్శకులు దృశ్యము నెట్లు కూర్చుచున్నారో, ఛాయాగ్రాహకులు వెలుతురు నెట్లు మలచుచున్నారో, కత్తిరించువారు ముక్కల నెట్లు అతుకుచున్నారో శ్రద్ధగా చూచెను. నటి కూర్చుండి విసుగు చెందుచుండగా రసవత్తరమైన పని యంతయు వేఱొకరు చేయుచున్నారని ఆమెకు తోచెను. శిక్షాకాలమే ఆమెకు విద్యాకాలమైనది.

1947 లో వార్నరువారిని విడిచి, పిమ్మట భర్త కోలియర్ యంగుతోడను మఱికొందఱితోడను కలిసి ఆమె సొంత సంస్థను స్థాపించెను. మొదట దానికి తల్లి రంగస్థల నామమైన ఎమరాల్డు పేరే పెట్టిరి. అనంతరము అది 'ది ఫిల్మేకర్స్' అయ్యెను. పెద్ద తారలు లేరు, పెద్ద మేడల కట్టడములు లేవు. తక్కువ ధనము, క్రొత్త నటులు, నిజమైన వీథులు. వారి తొలి చిత్రము 'నాట్ వాంటెడ్', అనగా 'అక్కఱలేనిది'. దీనికి ఆమె కథారచనలో భాగస్వామి, నిర్మాత్రి. ఎల్మర్ క్లిఫ్టన్ అను వృద్ధ దర్శకుడు చిత్రీకరణము మొదలగు సమయముననే గుండెజబ్బుతో పడిపోయెను. వేఱొకరిని కుదుర్చుకొనుటకు ధనము లేదు. సూత్రము ఆమె చేతికి వచ్చెను. 1949 లో చిత్రము వెలువడినప్పుడు దర్శకుని పేరు క్లిఫ్టనుదే. ఆమె తన పేరు వేసికొనలేదు.

ఆ కథను వినుడు. ఒక యువతి వీథులవెంట దిక్కు తెలియనట్లు నడచుచుండును. దారిలో ఒక తోపుడుబండిలోని పసిబిడ్డను ఎత్తుకొని పోవును. పట్టుకొని చెరసాలలో పెట్టుదురు. తాను ఇక్కడి కెట్లు వచ్చితినని ఆమె తలచుకొనును. గడచిన కథ మన కంటబడును. సంచార వాద్యకారుని ప్రేమించినది, అతడు వెడలిపోయెను, ఆమె గర్భవతి యయ్యెను, అవివాహిత మాతల శరణాలయమున ప్రసవించి, బిడ్డను పెంపునకు ఇచ్చివేసెను. ఆ బిడ్డకై ఖాళీ యైన చేతులే పరుల బిడ్డను ఎత్తుకొన్నవి. ఈ కథలో దుష్టుడు లేడు. ఆ వాద్యకారుడు సైతము దుర్మార్గుడు కాడు, బలహీనుడు మాత్రమే.

ఇందలి సాహసము తెలియవలెనన్న ఆనాటి నియమావళిని గూర్చి రెండు మాటలు చెప్పవలెను. 1930 లో హాలీవుడు నిర్మాతలు తమకు తామే యొక నీతినియమావళిని విధించుకొనిరి. 1934 నుండి జోసెఫ్ బ్రీన్ అను నధికారి కార్యాలయము దానిని కఠినముగ అమలు జరిపెను. ప్రేక్షకుల సానుభూతి నేరము వైపునకు గాని పాపము వైపునకు గాని ఎన్నడును మొగ్గరాదనునది దాని ముఖ్య సూత్రము. తప్పు చేసినవారికి శిక్ష పడవలెను. అది చూచి జనులు బుద్ధి తెచ్చుకొనవలెను. లుపీనో ఆ కార్యాలయముతో పోట్లాడలేదు. కూర్చుండి మాటాడి, మాటకు మాట సవరించి అనుమతి సంపాదించెను. శిక్షను ఉంచినది, సానుభూతిని గూడ ఉంచినది. తీర్పు చెప్పు పని మాత్రము తాను పుచ్చుకొనలేదు. ఇదియే ఆమె చిత్రములన్నిటి యందలి జీవము.

దాని వెంటనే 'నెవర్ ఫియర్' అను చిత్రము వచ్చెను. పోలియో సోకిన నర్తకి కథ యిది. తన వ్యాధినే ఆమె ఈ విధముగ తెఱపైకి తెచ్చెను. సాంటా మోనికాలోని కబాట్-కైజర్ చికిత్సాలయమున, నిజమైన రోగుల నడుమ చిత్రీకరించిరి. చక్రముల కుర్చీలలో కూర్చుండి రోగులు నృత్యము చేయు దృశ్యము అందు కలదు. మనము జాలిపడుటకై ఆ దృశ్యము కూర్పబడలేదు. వారు సంతోషించుచున్నారు, మనము చూచుచున్నాము, అంతే.

1950 లో 'ఔట్‌రేజ్' వెలువడెను. రాత్రి పని ముగించుకొని ఇంటికి పోవు యువతిని ఒక పురుషుడు వెంబడించి బలాత్కరించును. నియమావళి ఆ నేరము పేరు పలుకనియ్యదు. చిత్రమంతటను ఆ మాట యెవరును పలుకరు. లుపీనో ఆ నిషేధమునే తన సాధనముగ చేసికొన్నది. నిర్జనమైన గిడ్డంగుల వీథిలో ఆ యువతి పరుగెత్తును. లారీ బూర మ్రోయును. పైయంతస్తులోని ఒకడు కిటికీనుండి తొంగిచూచి, తలుపు మూసికొనును. అటుపైని కథ ఆ మూసికొన్న కిటికీని గూర్చినదే. మఱునాటినుండి ఇరుగుపొరుగువారి చూపులు, గుసగుసలు, కార్యాలయమున ముద్రలు కొట్టు చప్పుడు సైతము ఆమెకు దెబ్బలుగ తగులును. ఎవరును ఆమెను నిందింపరు. కాని జరిగినదానిని ఆమె ముఖముమీద చదువనివారు లేరు. ఆ చూపులు భరింపజాలక ఆమె తల్లిదండ్రులను, వివాహనిశ్చయము జరిగిన వరుని విడిచి పాఱిపోవును. ఇది చూచినవారికి మన యూళ్ల వాకిళ్లలోని చూపులు జ్ఞప్తికి రాక మానవు.

ఇచ్చట మేము ఒక లోపమును దాచరాదు. చిత్రము చివర ఒక సజ్జనుడైన మతాచార్యుడు న్యాయస్థానమున నిలిచి, ఇట్టి నేరములకు సమాజమే బాధ్యత వహింపవలెనని ఉపన్యసించును. మాట మంచిదే. కాని అంతవఱకు ఆ యువతి కన్నులతో చూచిన మనకు, తుదకు ఆమె పక్షమున పురుషుడు మాటాడుట కొంత వెలితిగ తోచును. మేము ఉపాధ్యాయవృత్తిలో నున్నవారము. కథ చెప్పిన పిదప నీతి చెప్పనిదే మాకు తోచదు. విద్యార్థులు కథను జ్ఞాపకముంచుకొని నీతిని మఱచుటను మేము ఇరువదేండ్లుగ చూచుచునే యున్నాము. ఈ చిత్రము విషయమునను అంతే. ఉపన్యాసము మనస్సున నిలువదు, కిటికీ నిలుచును. సంఘసంస్కారమును కోరువారము మనము గూడ పతితులను ఉద్ధరింతుమని చెప్పుచు, ముందుగ వారిని పతితులని తీర్పు చెప్పియే మొదలుపెట్టుదుము గదా!

1953 వ సంవత్సరము ఆమె కృషికి శిఖరము. ఆ యేడు రెండు చిత్రములు వచ్చెను. మొదటిది 'ది హిచ్-హైకర్'. చేపలు పట్టుటకై పోవు ఇద్దఱు మిత్రులు దారిలో నొకనిని కారెక్కించుకొందురు. అతడు పరారియైన హంతకుడు. తుపాకి చూపి వారిని మెక్సికో యెడారులవెంట నడిపించును. బిల్లీ కుక్ అను వాస్తవ హంతకుని చరిత్ర దీనికి ఆధారము. ఇందు స్త్రీపాత్రలు దాదాపుగ లేవు. స్త్రీ దర్శకురాలైన యెడల స్త్రీల కథలు మాత్రమే చెప్పగలదనువారికి ఇది సమాధానము. హంతకుని కుడికన్ను నిద్రలోను మూతపడదు. కావున అతడు నిద్రించుచున్నాడో మేల్కొనియున్నాడో బందీలకు తెలియదు. ఈ యొక్క యూహతో రాత్రులన్నియు భయంకరములగును. ఒకనికై యొకడు ఆలోచించుటచేతనే మీరు తప్పించుకొనలేకపోయితిరని అతడు వారిని ఎగతాళి చేయును. కాని ఒక్క క్షణము అతడే తన సంగతి చెప్పుకొనును: ఈ ముఖము చూచి కన్నవారే తన్ను పొమ్మనిరట. అతడును అక్కఱలేని బిడ్డయే! తొలి చిత్రపు శీర్షిక ఇచ్చట మరల వినబడుచున్నది. దర్శకురాలు అతనిని క్షమింపదు. తుపాకి పోయినంతనే అతడెంత అల్పుడో చూపును. ఐనను అతడు ఎక్కడనుండి వచ్చెనో చెప్పక విడువదు.

రెండవది 'ది బిగమిస్ట్', అనగా ఇద్దఱు భార్యలవాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారదక్షురాలైన భార్య గల యొక వర్తకుడు, పనిమీద లాసేంజిలీసు పోయి ఒంటరితనమున మఱియొక స్త్రీతో స్నేహించి, ఆమె గర్భవతి కాగా ఆమెనుగూడ వివాహమాడును. సంతానము లేని మొదటి భార్యతో కలిసి బిడ్డను దత్తు తీసికొన తలపెట్టగా, విచారణకు వచ్చిన యధికారి ఈ గుట్టు కనుగొనును. రెండవ భార్య పాత్రను లుపీనోయే ధరించెను. తాను నటించుచున్న చిత్రమునకు తానే దర్శకత్వము వహించెను. మొదటి భార్యగ నటించిన జోన్ ఫాంటేను అప్పటికి కోలియర్ యంగును పెండ్లాడియుండెను. లుపీనో అతనినుండి 1951 లోనే విడాకులు పొందినది. ఐనను ముగ్గురును కలిసి పనిచేసిరి. ఆ మువ్వురి మర్యాద చిత్రమందును కనబడుచున్నది. భార్యలలో ఏ యొకతెయు గయ్యాళి కాదు, మోసగత్తె కాదు. గుట్టు తెలిసికొన్న యధికారి సైతము, ఆ పురుషుని యసహ్యించుకొనవలెనో జాలిపడవలెనో తెలియక, కరచాలనము చేయ మనసొప్పకయు అతనికి మేలు కోరును. తుదకు న్యాయస్థానమున న్యాయాధిపతి శిక్ష ప్రకటించుటను మఱియొక దినమునకు వాయిదా వేయును. చిత్రము అచ్చటనే ముగియును! ద్విభార్యత్వము నేరమే, చట్టము దానిని దండింపవలసినదే, మేమును అట్లే కోరుదుము. కాని చట్టము చేయు పని వేఱు, కథ చేయు పని వేఱు. నేరమును కనుగొనుట చట్టము పని. నేరము చేసిన మనిషిని, దానివలన దెబ్బతిన్న ఇరువురు స్త్రీలను ఒక్క చూపులో నిలుపుట కథ పని.

ఇంత చేసిన స్త్రీ తోడివారిచేత తన యాజ్ఞను ఎట్లు చెల్లించుకొన్నదో చూతము. అంతకు పూర్వము హాలీవుడున పేరొందిన దర్శకురాలు డోరతీ ఆర్జ్‌నరు. ఆమె 1943 లో చిత్రదర్శకత్వమును విరమించెను. 1950 లో దర్శకుల సంఘమున చేరిన లుపీనో, ఆర్జ్‌నరు తరువాత రెండవ స్త్రీ. సభాప్రారంభమున అధ్యక్షుడు 'పెద్దమనుషులారా, కుమారి లుపీనో!' అని సంబోధించెడివాడని చెప్పుదురు. అంతమంది పురుషుల నడుమ ఆమె యొక యుపాయము పన్నెను. ఆమె కుర్చీ వెనుక తాను అందఱికిని తల్లినని వ్రాయించుకొన్నది. పనివారిని ఆజ్ఞాపింపదు, అమ్మకు ఇట్టి చిక్కు వచ్చినది, మీరేమందురని యడుగును. తాను కోరినట్లే పని జరుగును. దీనినిగూర్చి విమర్శకులలో రెండభిప్రాయములు గలవు: యుక్తి యని కొందఱు, లొంగుబాటని కొందఱు. మాకు రెండును నిజమని తోచుచున్నది. మన యిండ్లలోను ఎందఱో తల్లులు, తమ నిర్ణయమును భర్త నిర్ణయముగ పలికించి కుటుంబమును నడుపుచున్నారు. ఆ నేర్పును మెచ్చుకొనవచ్చును. ఆ నేర్పు అవసరమైన యేర్పాటును మెచ్చుకొనుటకు వీలులేదు. దర్శకుడైన పురుషునకు తాను తండ్రినని కుర్చీపై వ్రాయించుకొను పని లేకపోయెను గదా!

ఆ 1953 లోనే మన తెలుగునాట ప్రసిద్ధనటి భానుమతి 'చండీరాణి' చిత్రమునకు దర్శకత్వము వహించి తెలుగు, తమిళ, హిందీ భాషలలో వెలువరించెను. సముద్రమునకు అటునిటు ఇద్దఱు నటులు ఒకే యేట సూత్రము పట్టియుండుట ముచ్చటైన విషయము.

సంస్థ మాత్రము నిలువలేదు. ధనమిచ్చి పంపిణీ చేయుచుండిన ఆర్.కె.ఓ. వారితో తెగతెంపులు చేసికొని, తమ చిత్రములను తామే పంపిణీ చేసికొందమని భాగస్వాములు తలచిరి. ఆమెకు ఆ యాలోచన నచ్చలేదు, ఐనను అంగీకరించెను. చిత్రము తీయుట యొక విద్య. దానిని ఊరూర ప్రదర్శనశాలలకు చేర్చి సొమ్ము రాబట్టుట వేఱొక విద్య. 1955 నాటికి ఫిల్మేకర్సు మూతపడెను. పిమ్మట ఆమె టెలివిజనుకు పోయి, గుఱ్ఱపురౌతుల కథలు, భయానక కథలు, పరిశోధక కథలు పదుల కొలది దర్శకత్వము వహించెను. 'ట్విలైట్ జోన్' తొలి ధారావాహికకు దర్శకత్వము వహించిన యేకైక స్త్రీ ఆమెయే; 1964 లోని ఆ కథ పేరు 'ది మాస్క్స్'. పెద్ద తెఱకు ఆమె మరల తీసిన చిత్రము 1966 నాటి 'ది ట్రబుల్ విత్ ఏంజెల్స్' ఒక్కటే. దర్శకత్వమున నిపుణురాలైన స్త్రీకి పదుమూడేండ్లు వెండితెఱపై అవకాశము రాకపోవుట ఆమె లోపమా, ఆ పరిశ్రమ లోపమా? పాఠకులే యోచింపవలెను.

1995 వ సంవత్సరము ఆగస్టు 3 వ తేదీన లాసేంజిలీసు నగరమున ఆమె కన్నుమూసెను. తరువాతి కాలమున అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారపు పట్టికలో 1998 లో 'ది హిచ్-హైకర్'ను, 2020 లో 'ఔట్‌రేజ్'ను చేర్చి భద్రపఱచిరి. ఆనాడు చిన్న చిత్రములని చిన్నచూపు చూడబడినవే నేడు దేశపు ఆస్తియైనవి.

మొదట వేసికొన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పుకొందము. నటి సూత్రము పట్టినప్పుడు ఏమి చూపినది? ఎవరిని చూడక మనము కిటికీలు మూసికొందుమో, వారిని చూపినది. పెండ్లికాని తల్లిని, నడువలేని నర్తకిని, బలాత్కృతయైన యువతిని, కన్నవారు పొమ్మన్న హంతకుని, ఇరువురిని మోసగించిన దుర్బలుని వరుసగ మన యెదుట కూర్చుండబెట్టి, తీర్పును వాయిదా వేసినది. తీర్పు చెప్పుట సులభము. అది మనలను ఆ మనుష్యులనుండి వేఱుచేసి సుఖముగ ఇంటికి పంపును. వాయిదా వేసిన తీర్పు మన వెంట ఇంటికి వచ్చును. సంస్కారము కోరు గృహములలో ఇట్టి అతిథి కొంతకాలము కూర్చుండుట మంచిదే యని మా నమ్మకము.